రెండు పిడికిళ్ళ సందు

ఇంజే కొండల్లో, గడ్డకట్టిన వాగు పక్కన
నలభై మూడు టెంట్లకు నేను రాత్రి కాపలా.
దొంగలు రారు.
ఈ చలిలో దొంగకైనా చెయ్యి జేబులోంచి రాదు.
నేను కాపలా కాసేది వెచ్చదనాన్ని.

పగలంతా వీళ్ళు మంచుకు కన్నాలు పెడతారు,
చిటికెనవేలంత చేప కోసం
గంటలు గంటలు వంగి కూర్చుంటారు.
చీకటి పడగానే అదే చేతులతో
తమ టెంటుకు ఒక్క కన్నం మిగలకుండా
అంచుల కింద దుప్పట్లు కుక్కుతారు.
తర్వాత, మాంసం కాల్చిన కుంపటిని
"ఆరిపోయిందిలే" అని లోపలికి తెచ్చుకుంటారు.

నివురు గప్పిన నిప్పు అంటారే,
అది సామెత కాదు నాకు.
నిప్పు లేనిదే పొగ రాదంటారు, నిజమే.
పొగ లేని నిప్పు ఏం చేస్తుందో
చెప్పవలసినవాళ్ళు చెప్పడానికి లేరు.

మా చెల్లెలు మల్‌సున్.
తొమ్మిదేళ్ళు. ముందు పళ్ళు రెండు కొత్తవి.
ఆ రోజుల్లో నేల కింద బొగ్గుబిళ్ళ మండేది,
ఇరవై రెండు కన్నాల బిళ్ళ,
దాన్ని మార్చడం నా పని.
వెచ్చటి చోటు ఎప్పుడూ దానిదే,
నేలకు అతికిన కాగితం కాస్త చిట్లిన మూల.
చిట్లిందని నాకు తెలుసు.
పొద్దున్నే అమ్మ ముల్లంగి ఊరవేసిన నీళ్ళు
గిన్నెతో తెచ్చి దాని నోట్లో పోసింది.
విషం విరుగుతుందని ఊరంతా నమ్మేవాళ్ళం.
నీళ్ళు పెదవి చివరనుంచి బయటికొచ్చాయి.
బుగ్గలు ఎర్రగా, చలిలో ఆడి వచ్చినట్టు.
జబ్బుమనిషిలా లేదు,
అంత ఆరోగ్యంగా దాన్నెప్పుడూ చూడలేదు.

అందుకే పన్నెండుకోసారి, మూడుకోసారి తిరుగుతాను.
పేరు పెట్టి పిలుస్తాను. పలికితే సరే.
పలక్కపోతే జిప్ నాదే.

నిన్న పదిహేడో నంబరులో
పిలిస్తే మూలుగు.
తెరిచాను. మొహానికి తగిలిన వెచ్చదనం
ఎంత బాగుందో చెప్పలేను, అదే దాని తెలివి.
వాసన లేదు. మంట లేదు.
బూడిద కింద రెండు కళ్ళు తెరిచి
కుంపటి మధ్యలో కూర్చుంది, ఇంటి పెద్దలా.
పిల్లవాడు అన్నాడు: "తాతా, తల దిమ్ముగా ఉంది."
తండ్రి లేచి తూలి, మత్తులో
నన్నే తిట్టాడు.

కుంపటి బయటికి. మనుషులు బయటికి.
నక్షత్రాల కింద నలుగురూ దుప్పట్లలో వణుకుతుంటే
అంబులెన్సుకు దారి చెప్తూ నేను.
వాళ్ళ సంచిలో ఒక అలారం ఉంది, నిజం,
అరచేతంత తెల్లడబ్బా, అత్తగారు కొనిచ్చిందట.
బ్యాటరీ దగ్గర ప్లాస్టిక్ నాలుక
ఇంకా లాగనే లేదు.
లాగాను. ఒక్కసారి కీచుమంది,
కొత్తగా పుట్టినట్టు.

రెండు పిడికిళ్ళ సందు వదలండని
నలభై మూడు టెంట్లకూ చెప్తాను,
కానీ అది రెండో మాట.
మొదటి మాట: నిప్పు బయటే పడుకోవాలి,
ఎంత చలి వేసినా, ఎంత బతిమాలినా.
సందు చూసుకుని నిప్పును లోపలికి పిలవద్దు.
సందు దానికి చాలదు.

ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టి సాయంత్రానికి పంపేశారు.
సామాను కోసం వచ్చి,
వెళ్ళేముందు ఆయన ఫిర్యాదుల పుస్తకం అడిగాడు.
యజమాని నన్ను పిలిచి చదివించాడు:
"రాత్రి కాపలా ముసలాయన అనుమతి లేకుండా
టెంటు తెరిచాడు. దుప్పట్లు తడిశాయి.
పిల్లలకు జలుబు చేసింది."
కింద తేదీ. పక్కన సంతకం, కొంచెం వణికింది.

రెండుసార్లు చదివాను.
యజమాని నా మొహంలోకి చూసి
ఎందుకు నవ్వుతున్నావన్నాడు.
ఏం చెప్పను?
ఇది నిద్ర లేచినవాడు రాసిన మాట.